పాలు పొంగితే ఎవర్ని అడగాలి? పిల్లలకు ఎడ్జ్ కంప్యూటింగ్ చెప్పే పద్ధతి

(ఒడిశాలోని పర్లాకిమిడిలో సాయంత్రంపూట తెలుగు పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్లు, వలంటీర్ల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడ కుదించాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు అడ్డొస్తే చెప్పండి, కాసేపు ఆపేద్దాం.

ఇవాళ మన పని ఒకటే. ఎడ్జ్ కంప్యూటింగ్‌ని, అంటే దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లని అడగకుండా పని జరిగే చోటే తేల్చుకోవడాన్ని, ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు ఎలా చెప్పాలి అని. ముందే ఒక మనవి. "ఎడ్జ్ కంప్యూటింగ్ అనగా" అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ "అనగా" చెవిన పడగానే పిల్లలు నోటుపుస్తకం తెరుస్తారు, బుర్ర మూసేస్తారు. పేరు ఆఖర్న చెబుదాం. ముందు వంటింట్లోకి వెళ్దాం.

అమ్మ పొయ్యిమీద పాలు పెట్టింది. పంచదార నిండుకుందని వీధి చివర కొట్టుకి వెళ్తూ పిల్లని పొయ్యి దగ్గర నిలబెట్టింది. పాలు పొంగుకొస్తున్నాయి. పిల్ల ఫోను తీసి, "అమ్మా, పాలు గిన్నె అంచుదాకా వచ్చేశాయి, ఏటి చెయ్యమంటావు?" అని అడిగింది. అమ్మ సంచీలోంచి ఫోను వెతికి తీసి "కట్టెయ్యవే" అనేసరికి పొయ్యంతా పాలే. అమ్మకి తెలియక కాదు, పిల్లకి చేతకాక కాదు. పాలు పొంగింది ఒక చోట, తీర్పు చెప్పింది ఇంకో చోట. నడుమ కాలం పోయింది.

ఇక్కడ ఆగి పిల్లల్ని అడగండి, అమ్మ వెళ్ళేముందు ఏమని ఉంటే బాగుండేదని. "పొంగితే కట్టెయ్ అని చెప్పి వెళ్ళాలి" అని ఎవరో ఒకరు అనేస్తారు. సగం పాఠం అయిపోయినట్టే. అమ్మ ముందే ఆలోచించి, ఆ ఆలోచనని చిన్న మాటగా చేసి పొయ్యి దగ్గర వదిలి వెళ్ళింది. పిల్లకి వంటంతా రానక్కర్లేదు, ఆ ఒక్క మాట వస్తే చాలు. కుక్కరు సంగతీ అంతే. "మూడు విజిల్సు రాగానే కట్టెయ్" అని మన ఇళ్ళలో రోజూ చెప్పే మాటే. లెక్కపెట్టడం, కట్టెయ్యడం రెండూ పొయ్యి దగ్గరే జరిగిపోతాయి.

దీన్ని ఇక్కడితో వదిలేస్తే పిల్లలు ఒక తప్పుతో ఇంటికెళ్తారు. ఇంక అమ్మతో పనే లేదనుకుంటారు. కాబట్టి వెంటనే రెండో ప్రశ్న వెయ్యండి. పులుసులో ఉప్పెంత? రేపు చుట్టాలు ఎంతమంది వస్తున్నారు, బియ్యం ఎంత పొయ్యాలి? వీటికి అమ్మ వచ్చేదాకా ఆగినా ఏం మునిగిపోదు, పైగా అమ్మకే తెలిసిన సంగతులు. బేగి తేల్చాల్సింది ఇక్కడ, ఆలోచించి తేల్చాల్సింది అక్కడ. ఈ రెండు గంపల్లో ఏది ఎందులో వెయ్యాలో పిల్లలు చెప్పగలిగితే పాఠం ఎక్కినట్టు.

ఇప్పుడు అమ్మ స్థానంలో పెద్ద కంప్యూటర్లని పెట్టాలి. వీటిని క్లౌడ్ అంటారు. పిల్లలకి దాన్ని "మేఘం" అని తర్జుమా చేసి చెప్పకండి. చెప్పారో, వానొస్తే ఫోటోలు తడిసిపోతాయా అని అడుగుతారు, ఆ గంటంతా దానికే సరిపోతుంది. క్లౌడ్ ఆకాశంలో లేదు. ముంబైలోనో హైదరాబాదులోనో ఉన్న పెద్ద భవనం అది. లోపల బీరువాల్లాంటి చట్రాల్లో వరసగా కంప్యూటర్లు, వాటిని చల్లబరచడానికి ఏసీలు, కరెంటు పోతే జనరేటర్లు. మన ఆటలో దాన్ని "పెద్దాఫీసు" అందాం. పొయ్యి దగ్గర నిలబడ్డ పిల్ల ఉన్న చోటు "అంచు". ఒడియా బళ్ళో చదివే పిల్లలకి "ధార" అంటే ఇంకా త్వరగా అందుతుంది. అన్నట్టు, అంచు అనేది చూసేవాడి చోటుని బట్టి ఉంటుంది. భువనేశ్వర్ నుంచి చూస్తే మనది రాష్ట్రం అంచు, పాతపట్నం దాటితే ఆంధ్రా. మనకి మాత్రం మన ఊరే నడిమధ్య. ఎడ్జ్ అన్న పేరు పెట్టింది కూడా పెద్దాఫీసులో కూర్చుని చూసినవాళ్ళే.

ఇప్పుడు ఆట. ఇవాళ్టి అసలు సరుకు ఇదే, కాస్త వివరంగా చెబుతాను.

లఖారీ లోయ వైపు నుంచి ఏనుగులు పొలాల మీదకి రావడం ఈ జిల్లా పిల్లలకి కొత్త కాదు. అందుకని ఆట దాని మీదే పెట్టాం. పోస్టుకార్డు సైజు అట్టముక్కలు పది తీసుకోండి. రెండింటి మీద ఏనుగు బొమ్మ. ఒకదాని మీద చెట్టు చాటునుంచి తొండం మాత్రమే కనబడే బొమ్మ. మిగతా ఏడింటి మీద ఆవు, మేక, కుక్క, పంది, సైకిలు మీద మనిషి, ఆటో, గాలికి ఊగే అరటిచెట్టు. కార్డుల మీద అక్షరాలు రాయకండి. ఇక్కడి పిల్లల్లో కొందరికి తెలుగు మాటే వచ్చు, లిపి రాదు. బొమ్మయితే ఏనుగన్నా, హాతీ అన్నా ఒకటే.

ఆటకి తొమ్మిది మంది కావాలి. ఒకరు కార్డులు ఒక్కొక్కటే చూపిస్తారు. ఒకరు చేను కావలి, అంటే కెమెరా. ముగ్గురు వైర్లు, వరసగా నిలబడతారు. ఒకరు పెద్దాఫీసు. ఒకరు గంట, స్టీలు పళ్ళెం గరిటె చాలు. ఒకరు ఏనుగు. తొమ్మిదోవాడు గడియారం, గట్టిగా "ఒకటీ, రెండూ, మూడూ" అని ఆగకుండా లెక్కపెడుతూ ఉంటాడు. వాడు "మూడూ" అన్నప్పుడల్లా వైరు చేతిలో ఉన్న కార్డు పక్క చేతికి మారుతుంది. ఏనుగు బయటికొచ్చి ఉంటే ఒక అడుగు వేస్తుంది. చేను ఏనుగుకి అయిదడుగుల దూరంలో సుద్దముక్కతో గీసిన గీత. ఈ అయిదు ముఖ్యం, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

మొదటి ఆట. కావలికి సొంతంగా ఏమీ తెలియదు. ఏ కార్డు కనబడినా వైరుకి ఇచ్చెయ్యాలి. ముగ్గురు వైర్లు దాటి పెద్దాఫీసుకి చేరాక వాడు చూసి, ఏనుగయితే "కొట్టు", కాకపోతే "ఊరుకో" అని చీటీ ఇస్తాడు. అది మళ్ళీ ముగ్గురి చేతుల మీదుగా వెనక్కొచ్చి గంట దగ్గరకి చేరుతుంది. వెళ్ళడానికి మూడు లెక్కలు, రావడానికి మూడు, మొత్తం ఆరు. ఏనుగు ఆరడుగులు వేసేసింది. చేను గీత అయిదో అడుగుకే దాటింది. గంట మోగేసరికి ఏనుగు చేలో ఉంది. పిల్లలు ఘొల్లుమంటారు, అనివ్వండి. పెద్దాఫీసు ఆలస్యం చెయ్యలేదన్నది మాత్రం గుర్తుచెయ్యండి. వాడు కార్డు చూసిన మరుక్షణమే చీటీ ఇచ్చాడు. కాలమంతా దారిలోనే పోయింది.

ఇక్కడ తెలివైన పిల్ల ఎవరో ఒకరు ఒక ఉపాయం చెబుతారు. "మొదటి కార్డు తిరిగొచ్చేదాకా ఎందుకు ఆగాలి, వెనకే రెండోదీ పంపించొచ్చు కదా?" ఈ ప్రశ్న రాకపోతే మీరే వెయ్యండి, వదులుకోవద్దు. వైర్ల పిల్లలకి కుడిచెయ్యి వెళ్ళే కార్డులకి, ఎడమచెయ్యి వచ్చే చీటీలకి అని చెప్పి, ప్రతి లెక్కకీ ఒక కార్డు వదలమనండి. ఒక్కొక్కటిగా పంపినప్పుడు పది కార్డులకి అరవై లెక్కలు పట్టాయి, లెక్కకి మూడు సెకన్ల చొప్పున మూడు నిమిషాలు. ఇప్పుడు పదిహేను లెక్కల్లో, అంటే 45 సెకన్లలో అయిపోతుంది. పిల్లలు గెలిచామనుకుంటారు. అప్పుడు అడగండి, ఏనుగు ఎన్నడుగులు వేసిందని. ఆరే. కార్డులు ఎక్కువ వెళ్ళాయి గానీ ఏ కార్డూ ముందుగా తిరిగి రాలేదు. "నెట్టు స్పీడు" అని మనం ఒకే మాటలో కలిపేసే రెండు సంగతులు ఇక్కడ విడివిడిగా కనబడతాయి. ఒకటి నిమిషానికి ఎంత సరుకు పోతుందన్నది, రెండోది ఒక్క కబురుకి జవాబు ఎంతసేపటికి వస్తుందన్నది. రోడ్డు వెడల్పు చేస్తే బళ్ళు ఎక్కువ పడతాయి, అంతమాత్రాన బరంపురం దగ్గరకి జరగదు.

రెండో ఆట. కావలి మెడలో ఏనుగు బొమ్మ ఉన్న కార్డు ఒకటి వేలాడదియ్యండి. అదే అమ్మ చెప్పి వెళ్ళిన మాట. "ఇలాంటిది కనబడితే గంటకి నువ్వే సైగ చెయ్యి. ఏనుగు కాదని ఖాయంగా తెలిస్తే పక్కన పడెయ్యి. తేల్చుకోలేకపోతే మాత్రం పెద్దాఫీసుకి పంపు." ఏనుగు ఒక్క అడుగు వేసేలోపే గంట మోగుతుంది. ఆట అయ్యాక వైర్లు పెద్దాఫీసుకి మోసిన కాగితాలు లెక్కపెట్టించండి. తొండం కార్డు ఒకటి, "గంట కొట్టాను" అని రాసిన చీటీలు రెండు. పది బదులు మూడు.

ఈ పదికీ మూడుకీ తేడా అసలు లెక్కలో ఎంతుంటుందో మీరు తెలుసుకోండి, పిల్లలకి అక్కర్లేదు. చేను గట్టున పెట్టిన కెమెరా మామూలు హెచ్‌డీ వీడియోని సెకనుకి 4 మెగాబిట్ల చొప్పున పంపుతోందనుకోండి. గంటకి 1.8 జీబీ, రోజుకి 43 జీబీ. రోజుకి 2 జీబీ ఇచ్చే ప్యాకు గంటా పది నిమిషాలు కూడా రాదు. అదే కెమెరా తనే చూసుకుని "ఏనుగు, రాత్రి 3:12" అని పంపితే వంద బైట్లు మించదు. డేటా అయిపోవడమంటే ఏమిటో మన పిల్లలకి బాగా తెలుసు కాబట్టి, ప్యాకు లెక్క ఒక్కటి చెబితే చాలు.

మూడో ఆట. "తుపాను" అని అరిచి నడిమి వైరుని కూర్చోబెట్టెయ్యండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఈ జిల్లాలో కరెంటు, ఫోన్లు ఏమయ్యాయో మీలో చాలామంది చూసే ఉంటారు. మొదటి పద్ధతిలో ఆడితే గంట ఇంక మోగనే మోగదు. రెండో పద్ధతిలో మోగుతుంది, కాకపోతే పెద్దాఫీసుకి వెళ్ళాల్సిన చీటీలు కావలి దగ్గరే ఆగిపోతాయి. అవి దాచుకోవడానికి వాడికి ఒక అగ్గిపెట్టె ఇచ్చి, రెండు చీటీలే పట్టాలని చెప్పండి. మూడోది వస్తే ఏది పారెయ్యాలి? పాతదా, కొత్తదా, ముఖ్యం కానిదా? పిల్లలు దెబ్బలాడుకుంటారు. ఇంజినీర్లు కూడా దెబ్బలాడుకునేది దీని గురించే. అంచున ఉండే పెట్టె చిన్నది. చోటు తక్కువ, బలం తక్కువ. ఇంకొకటి, వైరు తెగినా పనిచేస్తుందంటే కరెంటు లేకపోయినా పనిచేస్తుందని కాదు. దానికి సొంత బ్యాటరీ ఉండాలి. పిల్లలు ఈ రెండూ ఒకటే అనుకుంటారు, విడదీసి చెప్పండి.

నాలుగో ఆట పెద్దాఫీసు కోసం. రెండో ఆటనుంచి వాడికి పని తగ్గిపోయి మొహం ముడుచుకుని కూర్చుంటాడు. ఇప్పుడు వాడికి తొండం కార్డులు అయిదారు ఇవ్వండి, వేరువేరు ఊళ్ళ కావళ్ళు తేల్చుకోలేక పంపినవని చెప్పి. వాడు అన్నీ పక్కపక్కన పెట్టి చూసి, "తొండం ఒక్కటి కనబడినా ఏనుగే" అని కొత్త మాట తేల్చి, అందరు కావళ్ళకీ కొత్త బొమ్మ పంపుతాడు. ఒక్క ఊరి కావలికి ఇది చేతకాదు, వాడు చూసింది ఒక్క తొండమే. నేర్చుకోవడం పెద్దాఫీసులో, నేర్చినదాన్ని వాడడం అంచులో. బొమ్మలు గుర్తుపట్టే ఏఐ కెమెరాలు ఎక్కువగా నడిచే తీరు ఇదే. ఇప్పుడు రెండో కావలిని ఒకణ్ణి పెట్టి, కొత్త బొమ్మ పంపే సమయానికి వాడి వైరు తెగిందనండి. వాడు పాత బొమ్మతోనే కాపలా కాస్తుంటాడు. తొండం కనబడినా గంట కొట్టడు. వాడి తప్పేమీ లేదు, కబురు అందలేదు. వందల పెట్టెలు వందల చోట్ల ఉన్నప్పుడు వాటన్నిటికీ ఒకే కొత్త మాట అందిందా లేదా అని చూసుకోవడం ఈ పద్ధతిలో ఉన్న పెద్ద తలనొప్పి. చాలా పాఠాల్లో దీన్ని దాటేస్తారు, మీరు దాటెయ్యకండి.

ఆటలో చెడేవి కూడా చెబుతాను. పిల్లలు పరిగెత్తుతారు. పరిగెత్తనివ్వకండి. వైర్లని దగ్గరదగ్గరగా, చెయ్యి చాస్తే అందేటట్టు నిలబెట్టండి. దానికో కారణం ఉంది. "పెద్దాఫీసు దూరం కాబట్టి ఆలస్యం" అని చాలామంది చెప్పేస్తారు. అది పూర్తి నిజం కాదు. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడినుంచి హైదరాబాదుకి తిన్నగా గీత గీస్తే ఆరు వందల కిలోమీటర్లు. వెళ్ళిరావడానికి సెకనులో వెయ్యోవంతులు ఆరు చాలు. మరి ఫోనులో ఎందుకు గిరగిరా తిరుగుతుంది? టవరు దగ్గర రద్దీ, కొండ అడ్డు, సిగ్నలు తగ్గి పంపిందే మళ్ళీ పంపడం, చుట్టుతిరుగుడు దారి, నడుమ ప్రతి మజిలీలో వరసలో నిలబడడం. మన ప్రాంతంలో ఆలస్యానికి ఇవే ముఖ్యం. అందుకే మన ఆటలో కాలం నడకలో పోదు, చేతిలో ఆగడంలో పోతుంది. ఇక రెండో ఇబ్బంది, గడియారం పిల్లాడు ఉత్సాహంలో లెక్క పెంచేస్తాడు. అప్పుడు ఏనుగు, కార్డులు కలిసే వేగం పెంచుతాయి కాబట్టి ఫలితం మారదు, కంగారుపడకండి. మూడోది, కావలి ఏనుగు అనుకుని అరటిచెట్టుకి గంట కొట్టేస్తాడు. కొట్టనివ్వండి. "నాన్నా, పులి" కథ అందరికీ తెలుసు కదా, అక్కడ ఆగి ఒక్క నిమిషం మాట్లాడండి. ఊరికే మోగే గంటని మూడోరోజునుంచి ఎవరూ పట్టించుకోరు.

ఫోను పరీక్ష చిన్నది, పది నిమిషాలు. ఒక ఫోనుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపి, ఏది పనిచేస్తుందో ముందు పందెం కాయించండి. టార్చి, కాల్క్యులేటరు, వేలిముద్రతో తాళం తియ్యడం, కెమెరాలో మొహం చుట్టూ గడి రావడం పనిచేస్తాయి. వాటి తీర్పు ఫోనులోనే జరుగుతోంది. కొత్త వీడియో రాదు. ఒక ఉచ్చు ఉంది జాగ్రత్త. వాతావరణం యాప్ తెరిస్తే ఎండ బొమ్మ, డిగ్రీలు కనబడొచ్చు. పిల్లలు "ఇదీ పనిచేస్తోంది!" అంటారు. అది ఎప్పటి కబురో వేళ చూడమనండి. పొద్దున వచ్చినదాన్ని దాచి చూపిస్తోంది, లెక్క కట్టడం లేదు. దాచుకోవడం వేరు, తేల్చుకోవడం వేరు.

పదేళ్ళు దాటిన పిల్లలకి, మీ దగ్గర మైక్రోబిట్ (పిల్లలు ప్రోగ్రాంలు రాసి నేర్చుకునే, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు) ఉంటే, కుక్కరు విజిల్సు లెక్కపెట్టే పెట్టె చేయించండి. రెండో వెర్షనే కావాలి, మైకు, స్పీకరు దానికే ఉన్నాయి. దీని జ్ఞాపకం (ర్యామ్) 128 కేబీ. 4 జీబీ ఫోనుతో పోలిస్తే 32 వేలల్లో ఒక వంతు. సన్న సెల్లులు రెండు వేస్తే నడుస్తుంది. మేక్‌కోడ్ అనే సైటులో దిమ్మెలు పేర్చి ప్రోగ్రాం రాయొచ్చు. మొదట "లెక్క", "ఆఖరి ఈల" అని రెండు డబ్బాలు (వేరియబుల్స్), రెండింట్లోనూ సున్నా. పెద్ద చప్పుడు హద్దు 0 నుంచి 255 దాకా ఉంటుంది, 150 దగ్గర మొదలుపెట్టి గదినిబట్టి మార్చుకోండి. పెద్ద చప్పుడు వినబడినప్పుడు రెండు సంగతులు చూడాలి. లెక్క మూడుకన్నా తక్కువగా ఉందా, ఆఖరి ఈల తర్వాత పది సెకన్లు గడిచాయా? రెండూ అవునయితేనే లెక్కకి ఒకటి కలిపి, వేళ గుర్తుపెట్టుకుని, అంకె చూపించాలి. మూడయితే పాట. "A" అని రాసున్న బటను నొక్కితే లెక్క మళ్ళీ సున్నా.

ఆ పది సెకన్ల ఆంక్ష ఎందుకంటే, కుక్కరు ఈల ఒకటే అయినా అది హెచ్చుతగ్గులుగా వస్తుంది. హద్దు దాటిన ప్రతిసారీ పెట్టె లెక్క వేసుకుంటే ఒక్క ఈలకే మూడు అయిపోయి, అన్నం బియ్యంగానే మిగులుతుంది. లెక్క మూడు దాటకూడదన్న షరతు ఎందుకంటే, బటను నొక్కేదాకా పాట మోగేలా పెడితే పెట్టెకి తన పాట తనకే వినబడుతుంది, దాన్ని నాలుగో ఈల అనుకుంటుంది. ఈ రెండు తప్పులూ ముందే చెప్పేయకండి. పిల్లల్ని చెయ్యనిచ్చి, ఎందుకిలా అయిందని అడగండి. ఇంకొకటి, పెట్టె ఆన్ చేసిన మొదటి పది సెకన్లలో ఈల వేస్తే లెక్కించదు. "ఆఖరి ఈల"లో సున్నా పెట్టడంవల్ల వచ్చిన చిక్కు అది. క్లాసులో కుక్కరు వద్దు, ఆటల విజిలు చాలు, పది సెకన్లకి బదులు మూడు పెట్టుకోండి. ఇంట్లో అయితే పొయ్యికి కనీసం ఒక మీటరు ఎడంగా, ఆవిరి తగలని చోట పెట్టాలి. కంప్యూటరుకి తగిలిస్తే మైక్రోబిట్ డ్రైవు కనబడకపోతే, చాలాసార్లు తప్పు తీగదే. ఛార్జింగుకి మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ తీగలు ఉంటాయి, వాటిలో డేటా పోదు. ఇంకో తీగ మార్చి చూడండి.

రెండో మైక్రోబిట్ ఉంటే లెక్కని రేడియోలో పక్కగదికి పంపించొచ్చు. రెండింటి గ్రూపు నంబరు ఒకటే ఉండాలి, 0 నుంచి 255లో ఏదైనా సరే. అయిదారు జట్లు ఒకే గదిలో ఉంటే జట్టుకో నంబరు ఇవ్వండి, లేకపోతే ఒకరి కుక్కరు ఇంకొకరి పెట్టెలో మోగుతుంది. గోడ అడ్డొచ్చి అందకపోతే ప్రసార బలం 6 నుంచి 7కి పెంచండి, అంతకు మించి లేదు.

ఇప్పుడు పిల్లలకి ఒక ప్రశ్న. ఈ పెట్టె వంటింట్లో మాటలన్నీ వింటోంది కదా, అవన్నీ ఎవరికైనా వెళ్తున్నాయా? సెకనుకి పదహారు వేల నమూనాలు, ఒక్కొక్కటి రెండు బైట్ల చొప్పున శబ్దాన్ని దాచాలంటే సెకనుకి 32 వేల బైట్లు కావాలి. దీని జ్ఞాపకమంతా వాడినా సుమారు నాలుగు సెకన్లకి మించి మాటలు పట్టవు. వింటుంది, లెక్కేసుకుంటుంది, మరిచిపోతుంది. బయటికి వెళ్ళేది ఒక్క అంకె. అదే శబ్దమంతా పెద్దాఫీసుకి పంపి అక్కడ లెక్కపెట్టిస్తే, ఈలతోపాటు అమ్మానాన్నల సంసారం కబుర్లూ వెళ్తాయి. పన్నెండేళ్ళ పిల్లలకి ఇది చప్పున తగులుతుంది.

నా మాటలు చాలు, మీరు అడగండి.

(సభలోంచి: 5జీ వస్తే జవాబు వెంటనే వచ్చేస్తుంది కదండీ, ఇంక ఇదంతా ఎందుకు?)

ఫోనుకీ టవరుకీ మధ్య ఆగే కాలం తగ్గుతుంది మాస్టారూ, మన ఆటలో మొదటి వైరు ఒక్కడే చురుగ్గా తయారైనట్టు. తక్కిన ఇద్దరు వైర్లు అలాగే ఉంటారు. వీడియో మోత అలాగే ఉంటుంది. తుపానుకి టవరు పడిపోతే అది ఏ జీ అయినా ఒకటే. పైగా 5జీ వాళ్ళే టవర్లకి దగ్గర్లో కంప్యూటర్లు పెట్టే ఏర్పాటు చేసుకున్నారు.

(సభలోంచి: సైన్సు పాఠంలో ప్రతీకార చర్య (రిఫ్లెక్స్) ఉంది, దానికి ముడిపెట్టొచ్చాండీ?)

భేషుగ్గా. వేడి పెనం తగిలితే మెదడుకి కబురు చేరేలోపే వెన్నుపాము చెయ్యి వెనక్కి లాగించేస్తుంది, నొప్పి తర్వాత తెలుస్తుంది. హైస్కూలు పిల్లలకి పాలకన్నా ఇదే బాగుంటుంది. చిన్నపిల్లలకి వెన్నుపాము కొత్త మాట, ఒక కొత్త సంగతికి ఇంకో కొత్త సంగతి పోలిక చెప్పినట్టవుతుంది.

(సభలోంచి: మా దగ్గర మైక్రోబిట్ లేదు, ఫోను కూడా ఒకటే. ముప్పావుగంట పీరియడు.)

సరిపోతుందమ్మా. పాలకి పది నిమిషాలు, ఏనుగు ఆటకి పాతిక, ఫోనుకి పది. నాలుగో ఆటకి వేళ చాలకపోతే మర్నాడు ఆడించండి, మానెయ్యొద్దు.

(సభలోంచి: పిల్లలకి అర్థమైందో లేదో తెలిసేదెలా?)

మంచి ప్రశ్న. చెప్పినవే తిరిగి అడిగితే తెలియదు. చెప్పనివి అడగండి. చీకటి పడగానే వీధిదీపం వెలగాలి, ఎక్కడ తేల్చాలి? స్తంభం దగ్గరే, సులువు. తర్వాత ఇది అడగండి. రైలు టికెట్లు ఏ స్టేషనుకి ఆ స్టేషనే, ఎవర్నీ అడగకుండా అమ్మేసుకోవచ్చా? బేగి అయిపోతుంది కదా, వైరు తెగినా ఆగదు కదా అని ఊరించండి. చాలామంది అవునంటారు. కాసేపు ఊరుకోండి. ఎవరో ఒక పిల్ల చెయ్యెత్తి, "అలాగైతే ఒకే బెర్తు పలాసలో ఒకరికి, బరంపురంలో ఇంకొకరికి అమ్మేస్తారు కదండీ" అంటుంది. అప్పుడు బోర్డు మీద ఆ పేరు రాయండి, ఎడ్జ్ కంప్యూటింగ్ అని.

కార్డుల కట్టలు ఆ బల్ల మీద ఉన్నాయి, బడికి ఒకటి చొప్పున తీసుకెళ్ళండి. తొండం కార్డు ఉందో లేదో చూసుకుని మరీ తీసుకోండి.